పరిణామ పాఠం పెసలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. టెక్కలి దగ్గర ఒక జూనియర్ కళాశాలలో ఈ ఏడాదే జీవశాస్త్రం చెప్పడానికి చేరాను. జీవ పరిణామం మొదలుపెట్టిన రోజే నా వల్ల కాలేదు. డార్విన్ పేరు బోర్డు మీద రాయగానే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "కోతే మనిషయిపోతే, మా పెరట్లో కోతులేటి మేడమ్, ఇంకా కోతుల్లాగే ఉన్నాయి?" అన్నాడు. క్లాసంతా నవ్వు. శ్రీకూర్మం నుంచి వచ్చే అమ్మాయి "దశావతారాలంటే ఇదే కదా మేడమ్" అంది. నాకేమీ తోచలేదు. నోట్సు చెప్పేసి ముందుకెళ్లిపోమని సీనియర్లు అంటున్నారు. మనసొప్పడం లేదు. ఈ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? డార్విన్ చూసిన గాలపాగోస్ దీవుల పిట్టల్ని నేనెక్కణ్ణుంచి తెచ్చి చూపించను? పిల్లల్ని తేలినీలాపురం పక్షుల దగ్గరికి తీసుకెళ్తే ఉపయోగం ఉంటుందా?
– ఒక లెక్చరర్, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా,

ముందు ఆ వెనక బెంచీ కుర్రాడి సంగతి. వాణ్ని కోప్పడలేదనే అనుకుంటున్నాను. డార్విన్ పుస్తకం 1859 నవంబరులో వచ్చింది. అప్పట్నుంచీ బాగా చదువుకున్నవాళ్లు కూడా అడుగుతున్న ప్రశ్నే వాడూ అడిగాడు. దానికి జవాబుంది, చెబుతాను. కానీ పాఠం అక్కడ మొదలవకూడదు. కోతి దగ్గర మొదలుపెడితే పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదనకి దిగుతారు. వాదన మొదలయ్యాక కళ్లతో చూడడం మానేస్తారు. జీవశాస్త్రానికి కావలసింది ముందు చూపు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం భాగాన్ని తీసేసింది. 'అనువంశికత, పరిణామం' అని ఉండే పాఠం ఉత్త 'అనువంశికత'గా మిగిలింది. మన రాష్ట్రంలో పదో తరగతి పిల్లలు ఇప్పుడు చదివేది ఆ పుస్తకాలే. అంటే మీ ముందు కూర్చున్న చాలామంది ఈ మాట శాస్త్రం అర్థంలో వినడం ఇదే మొదటిసారి. టీవీ వార్తల్లో 'తాజా పరిణామాలు' అంటే జరిగిన సంగతులు. పరీక్షలో సగం మంది 'పరిమాణం' అని రాస్తారు. మొదటి రోజే ఆ రెండు మాటల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి తేడా చెప్పెయ్యండి. చిన్న పనే గానీ చాలా కలిసొస్తుంది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. విజయనగరం జిల్లాలో లెక్చరరుగా చేరిన కొత్తలో నేనూ అందరిలాగే జిరాఫీ బొమ్మ వేసి పాఠం చెప్పేవాణ్ని. ఒక పక్క, బతికుండగా వచ్చిన మార్పు పిల్లలకి వస్తుందన్న లామార్క్, ఇంకో పక్క డార్విన్. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. జవాబు పత్రాలు దిద్దుతుంటే ఏటేటా ఒకటే వాక్యం కనబడేది: "డార్విన్ ప్రకారం జిరాఫీ ఎత్తయిన చెట్ల ఆకుల కోసం తన మెడను పెంచుకుంది." ఫస్టు మార్కుల పిల్లలు కూడా అలాగే రాసేవారు. ఇది డార్విన్ చెప్పింది కాదు కదా, ఈ వాక్యం వీళ్లకెక్కడ దొరికిందా అని ఒక వేసవిలో నా నోట్సే తిరగేశాను. అందులోనే ఉంది. "ఎడారి మొక్క నీటిని కాపాడుకోవడం కోసం ఆకుల్ని ముళ్లుగా మార్చుకుంది." "పురుగు మందును తట్టుకునే శక్తి సంపాదించుకుంది." అన్నీ నా చేతిరాతే. ఆ వేసవంతా నాకది ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఈ చిక్కు తెలుగులో మరీ ఎక్కువ. 'వండింది' అంటే ఎవరికైనా వండి ఉండొచ్చు. 'వండుకుంది' అంటే తనకి తానే, కావాలని. క్రియకి 'కొను' చేరిస్తే ఆ పని చేసినవాడికి ఒక ఉద్దేశం, ఒక స్వలాభం వచ్చి చేరతాయి. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. ఇంత అందమైన సౌకర్యం పరిణామ పాఠంలోకి వచ్చేసరికి పిల్లల్ని దారి తప్పిస్తుంది. 'మార్చుకుంది', 'పెంచుకుంది', 'అలవాటు చేసుకుంది' అనగానే ఒక జంతువు కూర్చుని ఆలోచించి తన ఒంటిని దిద్దుకున్నట్టు వాళ్ల మనసులో బొమ్మ పడుతుంది. 'కోసం' అన్న మాట కూడా అంతే. ఈ పాఠం నడిచినన్నాళ్లూ జంతువుల గురించి, మొక్కల గురించి చెప్పే వాక్యాల్లో ఈ రెంటినీ మీ నోటికి రానివ్వకండి. 'మెడ పెంచుకున్న జిరాఫీ' వద్దు, 'మెడ పొడుగున్న జిరాఫీలకి ఎక్కువ పిల్లలు బతికాయి' అనండి. వాక్యానికి కర్త ఒక జిరాఫీ కాకూడదు, జిరాఫీల మంద కావాలి. మొదట్లో నాలుక తడబడుతుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది, పిల్లలు మీ తప్పులు పట్టడం మొదలుపెడతారు. అది చూసి సంతోషించండి.

ఇక మొదటి క్లాసు. డార్విన్ పేరు ఎత్తకండి. పెసలు, పొట్టుతో ఉన్న మినుములు, పొట్టు తీసిన మినపగుళ్లు తలా ఒక గుప్పెడు పట్టుకెళ్లండి. ఆకుపచ్చ, నలుపు, తెలుపు. సైజులో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఇవే కావాలి. శనగలూ ఆవాలూ తెస్తే పెద్దది ముందు దొరికిపోయి ఆట చెడుతుంది. గడ్డి ఉన్నచోట ఒక చాప వెడల్పు గీత గీసి, ఒక్కో రకం నలభై చొప్పున చల్లండి. అయిదుగురు పిల్లల్ని పిట్టలుగా పిలిచి ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా ఏరమనండి. మిగిలినవి లెక్కపెట్టి, ఒక్కో గింజకి అదే రంగు గింజ ఇంకొకటి జోడించి మళ్లీ చల్లండి. అది రెండో తరం. ఇలా మూడు నాలుగు తరాలు. ప్రతి తరం లెక్కా పిల్లల చేతే బోర్డు మీద రాయించండి. తెల్లవి గబగబా పోతాయి, పెసలు పెరుగుతాయి. తరవాత ఇదే ఆట వంటషెడ్డు వెనక బొగ్గు, మసి నలిగిన నేల మీద ఆడించండి. అక్కడ మినుములు నిలుస్తాయి. గడ్డిలో గెలిచిన పెసలు మసి నేల మీద ఓడిపోతాయి. 'గొప్ప గింజ' అనేది వేరే లేదని మీరు చెప్పనక్కర్లేదు, కళ్లెదుటే ఉంటుంది.

అప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి. "ఏ గింజైనా రంగు మార్చుకుందా?" లేదంటారు. "మరి గుంపు రంగు మారిందా?" మారిందంటారు. అక్కడ కాసేపు మాట్లాడకుండా ఆగండి. ఆ రెండు జవాబుల మధ్యే పాఠమంతా ఉంది. ఒకే రకంలో తేడాలుండడం, ఆ తేడా పిల్లలకి రావడం, అందరూ బతికి పిల్లల్ని కనలేకపోవడం – ఈ మూడూ కలిస్తే చాలు, ఎవరూ కోరకుండానే గుంపు మారుతుంది. దీనికే ప్రకృతి వరణమని పేరు. డార్విన్‌తో పాటు ఆల్ఫ్రెడ్ వాలెస్ కూడా విడిగా ఇదే ఆలోచనకి వచ్చాడనీ, ఇద్దరి వ్యాసాలూ 1858 జులై 1న లండన్‌లో ఒకే సభలో చదివారనీ ఇక్కడ చెప్పండి. అంతకు మించి జీవిత చరిత్ర అక్కర్లేదు.

'వరణం' అనగానే పిల్లలకి స్వయంవరం గుర్తొస్తుంది, ఎవరో దండ పట్టుకుని నిలబడ్డట్టు. దానికి తూర్పారబట్టడం గుర్తుచెయ్యండి. చేటతో ధాన్యం ఎత్తి పోస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు దూరం పోతుంది. గాలికి గింజ మీద ప్రేమా లేదు, తాలు మీద కోపమూ లేదు. అయినా రెండు కుప్పలవుతాయి. మీ పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఈ పని చూసే ఉంటారు.

గింజల ఆట మరీ ఆటలా అనిపిస్తే పొలంలోకి వెళ్లండి. వరి చేలో కలుపు తీసే ఆడవాళ్లని అడిగితే ఊద గడ్డి గురించి చెబుతారు. చిన్నప్పుడు అది అచ్చం వరిలాగే ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు ఆకు మొదలు విప్పి చూసి పట్టేస్తారు: వరికి ఆకు కాడని అంటుకునే చోట పలచటి పొర నాలుకలా ఉంటుంది, ఊదకి ఉండదు. ఇది వరిని పోలి ఎందుకుంది? వేల ఏళ్లుగా మనుషులు చేలో వంగి, వరిలా లేనిదాన్నల్లా పీకేస్తూ వచ్చారు. వరిని కాస్త పోలిన మొక్క కంటికి దొరక్క మిగిలింది, గింజ రాల్చింది. మరుసటి ఏడు ఇంకాస్త పోలినవి మిగిలాయి. కలుపు తీసేవాళ్ల చూపే ఇక్కడ జల్లెడ. ఇలాంటి పోలికని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరుతో పిలుస్తారు. 2019లో చైనా పరిశోధకులు ఊద జన్యువుల్ని పరిశీలించి, అక్కడి రకం సుమారు వెయ్యేళ్ల కిందట ఈ దారి పట్టిందని తేల్చారు. కలుపు కూలీకి వెళ్లే తల్లుల పిల్లలు మీ క్లాసులో ఉంటారు. వాళ్ల అమ్మకి తెలిసిన విషయం పాఠంలోకి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం చూడండి.

వరిని పీల్చే సుడిదోమ సంగతీ ఇలాంటిదే. ఒకప్పుడు బాగా పనిచేసిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఆసియాలో చాలాచోట్ల దాని మీద పట్టు కోల్పోయింది. "దోమ మందుకి అలవాటు పడిపోయింది" అంటారు రైతులు. అలవాటు పడింది ఏ ఒక్క దోమా కాదు. మందు తగిలినవాటిలో చాలావరకు చచ్చిపోయాయి. తట్టుకునే గుణం ముందే ఉన్న కొద్దిపాటివి మిగిలి, వాటి సంతానమే చేను నింపింది. యాంటీబయాటిక్ మాత్రల కథా ఇంతే. 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ దీని గురించి హెచ్చరించాడు. జ్వరం తగ్గిందని డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపెయ్యొద్దని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

లామార్క్‌ని చిన్నబుచ్చకండి. జీవులు మారతాయని ధైర్యంగా చెప్పిన మనిషి. బతికుండగా సంపాదించిన మార్పు పిల్లలకి వస్తుందన్నదే నిలబడలేదు. జర్మనీలో వైస్‌మన్ అనే శాస్త్రవేత్త తరతరాలుగా ఎలుకల తోకలు కత్తిరించి చూశాడు, పుట్టిన పిల్లలకి తోకలు మామూలుగానే ఉన్నాయి. మనకి ఎలుకలు అక్కర్లేదు. ఎన్ని వందల ఏళ్లుగా మన ఇళ్లలో చెవులు కుట్టిస్తున్నారు? కుట్టిన చెవులతో పుట్టిన పిల్లని ఎవరైనా చూశారా?

ఇప్పుడు కోతి దగ్గరికి రండి. పిల్లల్ని ముందు భాష గురించి అడగండి. మనం మూడు అంటాం. తమిళులు మూన్ఱు, కన్నడిగులు మూరు, గోండులు మూండ్ అంటారు. కన్ను అన్న మాట చూసినా ఇదే పోలిక కనబడుతుంది. అయితే తెలుగు గోండీ నుంచి పుట్టిందా? లేదు. గోండీ తెలుగు నుంచి పుట్టిందా? అదీ లేదు. రెంటికీ ఒక పాత తల్లి ఉంది, ఆ తల్లి భాష ఇప్పుడెవరూ మాట్లాడరు. తెలుగు వచ్చింది గనక గోండీ మాయమైపోవాలని ఎవరూ అనరు. ఎవరి ఊళ్లో వాళ్ల మాట, ఎవరి దారిలో వాళ్ల మార్పు. ఒక రాత్రి పాత భాషలో పడుకుని తెల్లారి తెలుగులో లేచినవాళ్లూ లేరు. ప్రతి తల్లికీ తన బిడ్డ మాట అర్థమైంది, అయినా వెయ్యేళ్లకి మాట మారిపోయింది. మీ క్లాసులో సవర పిల్లలుంటే మూడుకి వాళ్ల మాట అడగండి. అది వీటిలో దేనికీ దగ్గరగా ఉండదు. ఆ భాష ముండా కుటుంబానిది, మన గిడుగు రామమూర్తి గారు జీవితంలో ఎన్నో ఏళ్లు ధారపోసి వ్యాకరణం, నిఘంటువు కట్టిన భాష. పోలికల్ని బట్టి ఎవరు దగ్గరో ఎవరు దూరమో లెక్క కట్టొచ్చని పిల్లలకి తెలియడానికి ఆ పిల్లాడి ఒక్క మాట చాలు. వాడికీ గర్వంగా ఉంటుంది.

అక్కణ్ణుంచి ఆ కుర్రాడికి జవాబు సులువు. పెరట్లో కోతి మన తాత కాదు బాబూ, దాయాది. దానికీ మనకీ ఒక ఉమ్మడి పూర్వికుల గుంపు రెండున్నర, మూడు కోట్ల ఏళ్ల కిందట ఉండేది. చింపాంజీతో మన ఇల్లు వేరుపడి అరవై డెబ్బై లక్షల ఏళ్లయింది. మీ పెదనాన్న పిల్లలు ఇంకా ఎందుకు నీలా మారలేదని నువ్వు అడగవు. కోతి కూడా ఆగిపోలేదు, తన దారిలో అదీ మారుతూనే వచ్చింది. సాక్ష్యం అడిగితే ఒకటి చెప్పండి, పిల్లలకి బాగా గుర్తుంటుంది. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకి 46. మన రెండో నంబరు క్రోమోజోము, చింపాంజీలో విడిగా ఉన్న రెండు క్రోమోజోముల్లాంటివి ఒకటిగా అతుక్కుని ఏర్పడింది. అతుకుపడ్డ చోట, మామూలుగా క్రోమోజోము కొసల్లో ఉండవలసిన డీఎన్ఏ ముక్కలు మధ్యలో కనబడతాయి.

శ్రీకూర్మం అమ్మాయి మాటకి జవాబు చెప్పేటప్పుడు మాత్రం మెత్తగా ఉండండి. కూర్మావతారం కొలువైన ఊరి పిల్ల, గుడి దగ్గర నక్షత్ర తాబేళ్లని చూస్తూ పెరిగిన పిల్ల. చేప, తాబేలు, వరాహం, నరసింహం, మనిషి అన్న వరస చూసి ఆ పోలిక రావడం సహజం. పోలిక గమనించినందుకు మెచ్చుకుని, తేడా చెప్పండి. అవతారాల కథలో భగవంతుడు ఒక పని మీద ఒక రూపంలో వస్తాడు. అది భక్తికి సంబంధించినది, దాని చోట దాన్ని ఉంచుదాం. పరిణామంలో పని మీద వచ్చేవారెవరూ లేరు, మెట్లూ లేవు. చేప కింది మెట్టు కాదు, మనిషి పై మెట్టు కాదు. సముద్రంలో చేప ఈ రోజుకీ మనకన్నా బాగా బతుకుతోంది. నిచ్చెన బొమ్మ చెరిపేసి కొమ్మలున్న చెట్టు బొమ్మ వెయ్యండి.

జె.బి.ఎస్. హాల్డేన్ గురించి ఈ సందర్భంలోనే చెప్పండి. ప్రకృతి వరణానికి గణితం సమకూర్చినవాళ్లలో ఒకడు. ఇంగ్లండ్‌లో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. పరిణామ శాస్త్రం మనకి అంత దగ్గరగా వచ్చిన సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు, అందుకే నొక్కి చెబుతున్నాను. ఎర్ర రక్తకణాల జబ్బులు కొన్ని మలేరియా ఉన్న చోటే ఎక్కువగా కనబడడానికి కారణం ఉందని 1949లో ఊహించింది ఆయనే. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) విషయంలో దాన్ని రుజువు చేశాడు. ఆ జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. మలేరియా లేని చోట ఆ లాభం పోతుంది, కష్టం మిగులుతుంది. మసి నేల మీద మినుముల ఆట గుర్తుందా, అదే ఇది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఏజెన్సీ పిల్లలకి ఇది పుస్తకంలో సంగతి కాదు, ఇంట్లో సంగతి. కాబట్టి ఎవరికి ఉందని క్లాసులో ఎప్పుడూ అడగకండి. 2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారని, పెళ్లికి ముందు ఇద్దరూ చూపించుకోవడం మంచిదని అందరికీ కలిపి చెప్పండి.

కాలం గురించి ఒక పీరియడ్ చాలు. 460 అడుగుల తాడు సంపాదించి మైదానంలో పరవండి. అడుగుకి కోటి సంవత్సరాలు. మొదటి కొస భూమి పుట్టుక, రెండో కొస ఈ రోజు. డైనోసార్లు పోయింది ఈ కొస నుంచి ఆరున్నర అడుగుల దూరంలో. మన జాతి మనుషులు వచ్చి మూడు లక్షల ఏళ్లు, అంటే చివరి సెంటీమీటరు కూడా నిండదు. పిల్లల్ని ఆ తాడు వెంట నడిపించండి. ఎవరైనా మన కొండల్లో శిలాజాలు దొరుకుతాయా అంటే, తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాళ్లు – ఖోండు గిరిజనుల పేరే వాటికి పెట్టారు – భూమి లోపల విపరీతమైన వేడికి రూపు మారిపోయినవనీ, అలాంటి రాతిలో జీవుల ముద్రలు నిలవవనీ చెప్పండి.

తేలినీలాపురం తప్పకుండా వెళ్లండి, చలికాలంలో. గాలపాగోస్ పిట్టలు లేవని బెంగ వద్దు. గూడబాతుకి ముక్కు కింద సంచి, ఎర్రకాళ్ల కొంగకి కొస వంగిన పొడుగు ముక్కు, రెండూ ఒకే చెట్టు మీద. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్లగలిగితే ముక్కు మధ్య సందున్న నత్తగుల్ల కొంగల్నీ చూపించండి. వీలైతే జనవరి తరవాత ఒక రోజు బారువ తీరానికి కూడా. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గూట్లో వందకి పైగా గుడ్లు పెడుతుంది. వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఒకటో రెండో అని అంచనా. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కాకి ఎత్తుకుపోయిన ప్రతి పిల్లలోనూ లోపం ఉందని కాదు, చాలావరకు అది అదృష్టం. లక్షల గూళ్లు, వేల తరాలు దాటాకే చిన్న తేడా బరువు తెలుస్తుంది.

తేలినీలాపురంలో పిల్లల చేత నోట్సు రాయించకండి. తలా ఒక పిట్టని ఎంచుకుని, అది తినేటప్పుడు పది నిమిషాలు చూసి, దాని ముక్కు గురించి ఒకే ఒక్క వాక్యం రాయమనండి. అందులో 'కోసం' ఉండకూడదు, 'కుంది'తో ముగియకూడదు. బస్సులో తిరిగొస్తూ ఒకరి వాక్యం ఒకరు చదివి దిద్దుకుంటారు. వెనక బెంచీ కుర్రాడు ఏం రాశాడో నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.